చేతిలో ఫోను, ఇంటిలో మాట
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు వచ్చినవారందరూ ద్వారం వద్ద తమ ఫోన్లను అయిదవ తరగతి గదిలో అప్పగించి, అంకె వేసిన అట్టముక్కను చేతపట్టుకొని లోపలికి వచ్చారు. కొందరు నవ్వుతూ ఇచ్చారు. కొందరు ఇవ్వడానికి ముందు మరొక్కసారి తెరిచి చూసుకొని ఇచ్చారు. ఆసుపత్రిలో బంధువులున్నవారు తమ వద్దనే ఉంచుకున్నారు; అది న్యాయమే. ఆసనాలలో కూర్చున్న తరువాత చాలామంది చేయి ఒకటి రెండు సార్లు చొక్కా జేబు మీదికో, సంచి మీదికో పోయి, అక్కడ ఏమీ లేదని తెలుసుకొని వెనుకకు వచ్చింది. ఇది ఎవరినీ ఎత్తిపొడవడానికి చెప్పినది కాదు. నేటి ప్రసంగ విషయమే ఆ చేయి.

ఈ ఏర్పాటు పాఠశాల కనిపెట్టినది కాదు. వాడిపట్టికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న మధుర మీనాక్షీ ఆలయంలో నిత్యమూ జరుగుతున్నదే. 2018 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి ఆ ఆలయపు వీరవసంతరాయ మండపం అగ్నిప్రమాదానికి గురైనది. అటుపిమ్మట మద్రాసు ఉన్నత న్యాయస్థానపు మధుర ధర్మాసనం ఆదేశానుసారం, ఆ సంవత్సరం మార్చి నుండి భక్తులు ఫోన్లతో లోపలికి పోవడం ఆగిపోయినది. 2022 డిసెంబరులో అదే ధర్మాసనం రాష్ట్రంలోని ఆలయాలన్నిటిలోనూ ఇట్టి నిషేధం అమలు చేయవలసినదిగా ఆదేశించింది. మధురలో భద్రత కోసం పుట్టిన ఆ నియమం వలన ఎవరూ అడగని మరొక ఫలితం కూడా కలిగినది. వేయికాళ్ళ మండపంలో స్తంభాల ముందు జనం నిలబడుతున్నారు. తండ్రి భుజం మీది పిల్లవాడు శిల్పాన్ని చూపి "ఇది ఎవరు?" అని అడుగుతున్నాడు, తండ్రి తనకు తెలిసినంత చెబుతున్నాడు, తెలియనిది పక్కవారిని అడుగుతున్నాడు. అయితే ఒక సంగతి దాచరాదు. బయటికి వచ్చిన తరువాత, దర్శనపు వరుసలో కనిపించని తొందర ఫోన్లు తిరిగి తీసుకొనే వరుసలో కనిపిస్తుంది.

అమ్మవారి సన్నిధిలో రెండు గంటలు ఉండగలిగినవారు తమ ఇంటి వరండాలో ఒక గంట ఎందుకు ఉండలేకపోతున్నారు? దీనికి సమాధానం ఉపదేశంలో దొరకదు. వాడిపట్టిలో ఒక పగలు ఎలా గడుస్తున్నదో చూడవలసి ఉన్నది.

మల్లెతోట ఉన్న రైతు తెల్లవారకముందే ఫోను చేతికి తీసుకుంటాడు. అది విలాసం కాదు. పెళ్ళి ముహూర్తాల రోజున కిలో వేల రూపాయలు పలికిన మల్లె, నాలుగు రోజులు గడిచేసరికి వందలకు దిగిపోవచ్చు. మధుర మాట్టుత్తావణి పూలసంతలో ఆనాటి ధర తెలియనిదే ఎంతమంది కూలీలను పిలవాలో ఆయన నిర్ణయించలేడు. ధర చూడటానికి అర నిమిషం చాలు. కాని ధర చూసిన వేలు అక్కడితో ఆగదు. ఎవరో పంపిన జల్లికట్టు దృశ్యం ఒకటి, దాని కింద మరొకటి, ఆ కింద మరొకటి. కూలీలు తోట గట్టు మీద ఎదురుచూస్తుంటారు. ఇంట్లో ఆయన భార్యకు బ్యాంకు సందేశం, గ్యాసు బండ సందేశం, పిల్లల బడి సందేశం, పుట్టింటివారి సమూహంలో వచ్చే శుభోదయాలు అన్నీ ఒకే పెట్టెలో నుండి రావాలి. ముఖ్యమైనది ఏదో, కానిదేదో తెరిస్తేగాని తెలియదు. తాతగారికి తమ్ముని కొడుకు కోయంబత్తూరు నుండి పాత పాటలు పంపుతుంటాడు. ఉద్యోగం ముగించుకొని వచ్చిన కొడుకు ఉద్యోగాన్ని కూడా జేబులో పెట్టుకొని వస్తాడు; పై అధికారి రాత్రి తొమ్మిదింటికి కూడా పలుకుతాడు. ఒకే కప్పు కింద ఆరుగురు, ఆరు వెలుగులు. భోజనానికి పిలిచే కేక మాత్రం ఇప్పటికీ ఒకటే. అది కూడా రెండు మూడు సార్లు వినిపిస్తుంది.

వీరిలో ఎవరినైనా అడిగితే "తగ్గించుకోవాలి" అనే అంటారు. తగ్గించుకోవాలని వీరు ప్రయత్నించకపోలేదు. పడకగదిలోకి తీసుకుపోనని అనుకొని, మేలుకొలుపు గంట కోసం మళ్ళీ తీసుకుపోయినవారున్నారు. ఆటలను తీసివేసి, నాలుగవ నాడు తిరిగి తెచ్చుకున్నవారున్నారు. ఏకాదశి ఉపవాసం వలె వారానికి ఒకరోజు మానివేయాలని సంకల్పించి, ఆ సంకల్పాన్ని ఫోనులోనే అందరికీ తెలియజేసి, ఎవరు మెచ్చుకున్నారో చూడటానికి పదిసార్లు తెరిచినవారూ ఉన్నారు. నవ్వదగిన విషయమే గాని, ఇందులో వారి దోషం కొంతే.

ఉపాధ్యాయ శిక్షణలో విద్యా మనోవిజ్ఞానం చదివినవారికి స్కిన్నరు పేరు గుర్తుండే ఉంటుంది. ఆయన పెట్టెలో ఎలుక మీటను నొక్కితే ఆహారం పడుతుంది. నొక్కిన ప్రతిసారీ పడితే, ఆహారం ఆగిపోగానే ఎలుక నొక్కడం త్వరలోనే మానుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియని విధంగా, ఒకసారి మూడవ నొక్కుకు, మరొకసారి ఇరవయ్యవ నొక్కుకు పడేటట్లు చేస్తే, ఆహారం పూర్తిగా ఆగిపోయిన తరువాత కూడా అది చాలాకాలం నొక్కుతూనే ఉంటుంది. 1957లో ఫెర్‌స్టరు, స్కిన్నరులు ఈ క్రమాలన్నిటినీ ఒక గ్రంథంగా వెలువరించారు. దానిని శిక్షణార్థులు పరీక్ష కోసం కంఠస్థం చేసి మరచిపోయారు, వ్యాపారులు మరచిపోలేదు. ఫోను తెరిచిన ప్రతిసారీ మంచి కబురు ఉండదు. ఉండవచ్చునేమో అన్నదే ఆ చేతిని జేబు మీదికి పంపుతున్నది.

దీనికి తోడు ముగింపు లేకపోవడం మరొకటి. ఈ సభలోని పూర్వ విద్యార్థులలో చాలామంది చందమామ చదివి తెలుగు అక్షరాలను దిద్దుకున్నవారే. 1947 జూలైలో మద్రాసు నుండి మొదలైన ఆ పత్రిక నెలకొకసారి వచ్చేది. చివరి పుట వచ్చేది, పిల్లవాడు పుస్తకం మూసేవాడు. బేతాళుడు శవంతో సహా మాయమై చెట్టెక్కేవాడు. మరుసటి నెల దాకా ఆగవలసినదే. దూరదర్శన్ తొలిరోజులలో రాత్రి ప్రసారాలు ఆగిపోతే పంచాయతీ టెలివిజన్ ముందున్న జనం లేచి చాపలు దులుపుకొనేవారు. 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికా రూపశిల్పి పుట చివరకు చేరకుండానే తరువాతి పుట వచ్చి కలిసే పద్ధతిని రూపొందించాడు. తరువాత తానే దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. చూపించే ప్రకటనల మీద ఆదాయం వచ్చేవారికి, చూసేవారు లేచిపోవడం నష్టం. లేవవలసిన చోటును తొలగించి, లేవలేదని మనిషిని నిందించడం సరికాదు.

2018లో గూగుల్, ఆపిల్ సంస్థలు తమ ఫోన్లలో గడిపిన సమయాన్ని లెక్కించి చూపే సాధనాలను తామే ప్రవేశపెట్టాయి. అంతకు నాలుగేళ్ళ ముందే, 2014లో, బెంగుళూరులోని నిమ్హాన్స్ వైద్యులు ఇట్టి సాధనాల మితిమీరిన వాడుక కోసం 'షట్' అనే పేరుతో ప్రత్యేక చికిత్సా విభాగాన్ని ప్రారంభించారు. ఇది వ్యాధిగా ముదిరినవారికి అక్కడ సహాయం ఉన్నది. వాడిపట్టి ఇళ్ళలో ఉన్నది వ్యాధి కాదు, వాడుక. అయితే ఆ వాడుక ఏ గంటను తినివేస్తున్నదన్నదే ఇక్కడి ప్రశ్న.

విజయవాడలోనో, వరంగల్లులోనో ఒక పిల్లవాడు సాయంకాలమంతా ఫోనుతో గడిపితే అతనికి చదువు తగ్గవచ్చు, నిద్ర తగ్గవచ్చు, కంటిచూపు తగ్గవచ్చు. తెలుగు మాత్రం తగ్గదు. అది వీధిలో ఉన్నది, బస్సు పలక మీద ఉన్నది, అంగడివాని నోట ఉన్నది. వాడిపట్టి పిల్లవానికి అట్లు కాదు. నాయకరాజుల నాటి నుండి మధుర మండలంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వీధి తమిళం, సంత తమిళం, స్నేహం తమిళం. అందులో బాధపడవలసినది ఏదీ లేదు. ఈ నేల అన్నం పెట్టింది, ఈ భాష ఆదరించింది. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చిన తరువాత బడిలోనూ తమిళం తప్పనిసరి పాఠ్యభాగమైనది. పిల్లలు దానిని చక్కగానే చదువుతున్నారు. ఇక తెలుగుకు మిగిలిన చోట్లు రెండు: పగటిపూట ఈ పాఠశాల, దీపాలు పెట్టిన తరువాత ఇల్లు. పాఠశాల నేర్పేది అక్షరం. మాట ఇంట్లో పుట్టవలసినదే. ఆ మాట పుట్టే సమయం రాత్రి భోజనానికి ముందూ వెనుకా కలిపి ఒక గంట, గంటన్నర. సరిగ్గా ఆ గంటలోనే ఆరు వెలుగులు వెలుగుతున్నాయి.

కి. రాజనారాయణన్ ఉదాహరణ ఈ సందర్భంలో స్మరింపదగినది. ఆయన 1923లో కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైచేవలులో తెలుగు మాట్లాడే కమ్మవారి ఇంట జన్మించారు. రాసినది తమిళంలో. 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2021లో కన్నుమూశారు. అంతకు పూర్వపు నవల 'గోపల్ల గ్రామం'లో తెలుగు కుటుంబాలు ఉత్తరం నుండి తరలివచ్చిన వృత్తాంతాన్ని ఒక ముసలవ్వ చెబుతుంది, చుట్టూ కూర్చున్నవారు వింటారు. ఆయన బడిచదువు స్వల్పం; విన్నది అపారం. నల్లరేగడి పల్లెల జానపద కథలను ఆయన వందలుగా సేకరించగలిగారంటే, చెప్పే నోళ్ళూ వినే చెవులూ ఒకే వరండాలో ఒకే వేళకు ఖాళీగా ఉండటమే కారణం. నేటి ముసలవ్వకు కథలు రాక కాదు. మనుమడు ఖాళీగా లేడు. నిజం చెప్పాలంటే అవ్వ కూడా ఖాళీగా లేదు. నిన్న తప్పిపోయిన ధారావాహికను ఆమె ఫోనులో చూస్తున్నది.

ఫోను తెలుగుకు శత్రువని చెబితే అది అన్యాయమవుతుంది. హైదరాబాదులో స్థిరపడిన మేనత్త ముఖం నేడు వాడిపట్టిలో కనిపిస్తున్నది. తెలుగు లిపి చదవలేనివారు సైతం గొంతు సందేశాలు పంపుకుంటున్నారు; అక్షరం రాని చోట పలుకు నిలిచింది. ఈ పాఠశాలలో చదివి దేశదేశాలకు పోయినవారు నేటి సభకు రాగలిగినది కూడా దాని చలవవల్లనే. తెలుగు పాటలు, సినిమాలు ఇక్కడి పిల్లలకు ఇంతగా అందుబాటులో ఉండటం మునుపెన్నడూ లేదు.

కాని ఇందులోనే ఒక చిక్కు ఉన్నది. ఆ తెరలో వినిపించే తెలుగు ఒక తెలుగు. అవ్వ పలికే తెలుగు మరొక తెలుగు. గేదెను ఎనుము అనీ, నాగలిని మడక అనీ పలికే ఇంట్లో, సినిమా తెలుగుకు అలవడిన పిల్లవాడు "అవ్వా, అది తప్పు" అని నవ్వుతాడు. ఎనుము తప్పు కాదు. నిఘంటువులో ఉన్న పాతమాట. చాలాచోట్ల వాడుక తప్పినా దక్షిణాన బతికి ఉన్న మాట. నవ్విన తరువాత అవ్వ ఆ మాట మనుమని ఎదుట పలకదు, తమిళంలో చెప్పి ఊరుకుంటుంది. కొన్ని వందల సంవత్సరాలు దాటి వచ్చిన మాట అలా ఒక సాయంకాలం, ఎవరికీ తెలియకుండా, ఇంట్లో నుండి వెళ్ళిపోతుంది. తెర మీది తెలుగుకు పిల్లవాడు ఎదురు ప్రశ్న వేయలేడు. అది అతని తప్పు దిద్దదు, అతని నోటి నుండి ఒక్క వాక్యమూ కోరదు. వినడం వేరు, సంభాషణ వేరు.

తల్లిదండ్రులను మాత్రమే దోషులుగా నిలబెట్టడం పాఠశాలకు తగదు. 2020 మార్చిలో రాష్ట్రమంతటా బడులు మూతపడినవి. 1 నుండి 8 వరకు గల తరగతులు తిరిగి తెరుచుకున్నది 2021 నవంబరు 1వ తేదీన. ఆ పందొమ్మిది నెలలలో బడులే తల్లిదండ్రులను పిలిచి, పిల్లవానికి ఫోను కావాలని చెప్పాయి. నగలు కుదువపెట్టి కొన్నవారున్నారు. అన్నదమ్ములిద్దరికి ఒకే ఫోను ఉండి తగవులాడుకున్న ఇళ్ళున్నాయి. ఆనాడు వేరే దారి లేదు. కాని బడులు తెరిచిన తరువాత కూడా ఇంటిపనిని సమూహంలో పంపే పద్ధతి అలాగే నిలిచిపోయింది. రాత్రి ఎనిమిది గంటలకు లెక్కల పని వస్తుంది, పిల్లవాడు "బడి పని" అంటూ ఫోను అడుగుతాడు, తల్లి కాదనలేదు, లెక్కలు పది నిమిషాలలో ముగుస్తాయి, ఫోను పదింటికి గాని తిరిగి రాదు. ఫోను ముట్టవద్దని ఉదయం ప్రార్థన సభలో చెప్పి, ముట్టక తప్పని పనిని రాత్రి పంపడం ఉపాధ్యాయులు సరిదిద్దుకోవలసిన తప్పు. ఈ జూబిలీ సంవత్సరం నుండి ఇంటిపని నల్లబల్ల మీద నుండి నోటుపుస్తకంలోకే ఎక్కుతుంది. సాయంత్రం ఆరు గంటల తరువాత, వానసెలవు వంటి అత్యవసర ప్రకటన తప్ప, పాఠశాల నుండి ఏ సందేశమూ రాదు.

ఇతర దేశాలు చట్టాలు చేస్తున్నాయి. ఫ్రాన్సు 2018లో పిల్లల పాఠశాలల్లో ఫోన్ల వాడుకను నిషేధించింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుండి 16 సంవత్సరాలలోపు వారికి సామాజిక మాధ్యమాల ఖాతాలు నిషిద్ధమైనవి. వాటి మంచిచెడ్డలు కాలమే తేలుస్తుంది. ఏ చట్టమూ వరండాలోకి రాదు.

అంతకంటె దగ్గరి ఉదాహరణ మహారాష్ట్రలో ఉన్నది. సాంగ్లీ జిల్లాలోని మోహిత్యాంచే వడగావ్ గ్రామంలో 2022 ఆగస్టు నుండి రోజూ రాత్రి 7 గంటలకు ఊరంతా వినబడేటట్లు సైరన్ మోగించడం మొదలుపెట్టారు. అది మోగగానే ఇళ్ళలో టెలివిజన్లు, ఫోన్లు కట్టివేసి, 8.30కు రెండవసారి మోగేవరకు చదువుకో, మాటలకో కూర్చోవడం నియమం. అదీ మహమ్మారి కాలంలో ఫోన్లకు అలవాటుపడిన పిల్లలను చూసి ఊరివారు చేసుకున్న ఏర్పాటే. ఇందులో గమనించవలసినది సైరన్ కాదు. అందరికీ ఒకే వేళ. ఒక్కడే ఫోను మూసి కూర్చుంటే అతడు ఒంటరివాడవుతాడు, పక్కవారి తెర వెలుగు అతని కళ్ళలో పడుతుంది, రెండు రోజులలో ఓడిపోతాడు. ఇల్లంతా మూస్తే ఎదుట మనిషి ఉంటాడు. పుట నుండి తొలగించిన ముగింపును ఆ ఊరివారు గడియారంలో తిరిగి పెట్టుకున్నారు.

వాడిపట్టిలో సైరన్ పెట్టడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. తల్లిదండ్రుల సంఘం కోరుతున్నది ఇంతే: రాత్రి 7 నుండి 8 వరకు ఇంటిలోని ఫోన్లన్నీ, తాతగారిది మొదలుకొని, ఒకే చోట ఉండాలి. దేవుని గూటి పక్కన గాని, బియ్యపు డబ్బా మీద గాని, ఎవరి చేతికీ వెంటనే అందని చోట. గంట మోగితే పోయి ఎత్తి మాట్లాడవచ్చు. నిలబడి మాట్లాడి అక్కడే పెట్టి రావాలి. పూల ధర తెల్లవారుజామున చూసుకోవచ్చు. పిల్లల ఫోను మాత్రమే తీసి, పెద్దలు తమది ఒడిలో దాచుకుంటే ఈ పని సాగదు. పిల్లలు ఆ విషయంలో న్యాయమూర్తుల వంటివారు. మొదటి వారం పిల్లలు ముఖాలు ముడుచుకొని కూర్చుంటారు. పెద్దలకు అంతకంటె కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఏమి మాట్లాడాలో తోచదు. చాలా ఇళ్ళలో ఆ గంట మొదట మౌనంగానే గడవవచ్చు. విసుగు పుడితే పుట్టనివ్వండి. విసుగు పుట్టిన పిల్లవాడే అటకెక్కి పాత పెట్టె దించి "ఇదేమిటి?" అని అడుగుతాడు.

ఆ ప్రశ్నకు జవాబు వ్రాసుకోవడానికే నేటి సభ చివర 3 నుండి 10వ తరగతి వరకు గల ప్రతి విద్యార్థికీ నలభై పుటల నోటుపుస్తకం ఒకటి ఇవ్వబడుతుంది. ఖర్చు పూర్వ విద్యార్థులు భరించారు. అందులో రోజుకొక మాట వ్రాయాలి: ఇంట్లో పెద్దలు పలికినది, పాఠ్యపుస్తకంలో లేనిది. వంటింటి మాట, దొడ్డి మాట, చుట్టరికపు మాట, తిట్టు అయినా ఫరవాలేదు. ఎవరు చెప్పారో పక్కన వ్రాయాలి. అక్షరదోషాలకు ఎర్రసిరా గీతలు పడవు. అవ్వ పలికినట్లే వ్రాయాలి. సంక్రాంతి సెలవుల తరువాత ఆ పుస్తకాలన్నీ ఈ మందిరంలోనే బల్లల మీద పరచి ఉంచబడతాయి. తెలుగు చదవలేని తల్లిదండ్రులు కూడా రావాలి; పిల్లలే చదివి వినిపిస్తారు.

మొదటి పుటలో మాట వ్రాయనక్కరలేదు. అక్కడ ఇంటిలోని అతి పెద్దవారి పేరు, వారి అవ్వ పేరు, ఆమె ఏ ఊరి ఆడపడుచో వ్రాయాలి. అది ఫోనులో వెదికితే దొరకదు. ఈ రాత్రి 7 గంటలకు అడిగి తెలుసుకోవలసినదే.